గయ్యాళి పెట్టె

అమ్మడూ,

అమ్మ దీవెనలు అందుకో. ఇక్కడ నేను, మీ నాన్న, దుకాణం గుమ్మంలో పడుకునే కుంటికుక్క అందరం క్షేమంగా ఉన్నాం. ‘అందరం’ అన్న మాటలో నువ్వు వాయించే ఆ గయ్యాళి పెట్టె కూడా చేరుతుందా అంటే, ఆ సంగతి కాస్త ఆగి రాస్తాను. నువ్వు అక్కడ వేళకు తింటున్నావనీ, ఆ కట్టుడు పళ్ల సెట్లు చేసే ల్యాబ్‌లో ముక్కుకు గుడ్డ కట్టుకుని పని చేస్తున్నావనీ నమ్ముతున్నాను. సున్నప్పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏ టంకమూ అతకదు.

నీ ఉత్తరం మొన్న మంగళవారం అందింది. మీ నాన్న రెండుసార్లు పైకి చదివారు. ఒకసారి నాకు, ఒకసారి మిక్సీ రిపేరుకు తెచ్చిన ఆవిడకు. “మా అమ్మాయి పాట రికార్డుగా వస్తోందండీ, నల్లగా పళ్లెమంత ఉంటుందే, ఆ రికార్డు” అని ఆయన చేతులు చాచి చూపిస్తుంటే, ఆవిడ పాపం మిక్సీ సంగతి మరిచి “ఏం పాటలండీ?” అంది. మీ నాన్న నా వైపు చూశారు. నేను స్క్రూల డబ్బాలోకి చూశాను. చివరికి ఆయనే, “మాటలుండవమ్మా, మోత ఉంటుంది” అన్నారు. ఆవిడ వెళ్లేటప్పుడు నా భుజం తట్టి, “పోనీలెండి, ఏదో ఒకటి చేసుకుంటోంది కదా” అంది. నాకు కోపం రాలేదు. పదేళ్ల కిందట నేనూ అదే అన్నాను.

అడిగిన ప్రతిదానికీ జవాబు రాయమన్నావు. రాస్తాను కానీ వరస నాది.

మీ నాన్న మోకాలు నయం. మెట్లు ఎక్కేటప్పుడే నొప్పి, కబుర్లకు వెళ్లేటప్పుడు లేదు. దుకాణం కప్పు కారడం ఆగింది. నీ చిన్ననాటి మంచం ఎవరికీ ఇవ్వలేదు. దాని మీద ఇప్పుడు నీ క్యాసెట్లు పడుకున్నాయి.

నీ ‘తుప్పు’ క్యాసెట్టు ఎనభై కాపీలూ పూర్తయ్యాయి. అసలు టేపు ఒక డెక్కులో, ఖాళీవి నాలుగింటిలో, దఫాకి నలభై నాలుగు నిమిషాలు. “గబగబా తిప్పే మీట ఉంది కదా, దాంతో కానిచ్చేయరాదూ” అని మీ నాన్న సణిగారు. నేను ఒప్పుకోలేదు. అలా తిప్పితే గొంతు నలిగిపోతుంది. ఇరవై దఫాలూ పక్కనే కూర్చుని చెవి పెట్టి విన్నాను, ఏ డెక్కు ఎక్కడ మోసం చేస్తుందోనని. మూడో డెక్కు రబ్బరు సాగితే మార్చాను. అట్టల పని మీ నాన్నది. నువ్వు చెప్పినట్టే పాత రేకును నాలుగు రోజులు వానలో పెట్టి, తడిపిన అట్టలు దాని మీద పరిచి, పైన ఇటుకలు పేర్చారు. ఒక్కో అట్టకూ ఒక్కో మరక దిగింది. ఒకదాని మీద అచ్చం మీ మేనత్త మొహం పడింది. అది పంపలేదు, దాచాం. ఎర్రసిరాతో అంకెలు వేయడంలో మాత్రం పొరపాటు జరిగింది. ముప్పై ఏడు రెండున్నాయి, ముప్పై ఎనిమిది అసలు లేదు. ఎవరైనా గొడవకు దిగితే తప్పు మీ డ్రైవరు నాన్నదని చెప్పు. ముప్పై ఏళ్లు బస్సు నడిపినా ఒక్క స్టాపు దాటవేయని మనిషి అంకె దాటవేశాడంటే ఎవరూ నమ్మరు.

పోస్టాఫీసు గుమాస్తా ఒక కాపీ అడిగి తీసుకున్నాడు. ప్రతి వారం ఇన్ని దేశాలకు ఏం పంపుతున్నామో చూడాలని ఉండదూ! రెండు రోజులయ్యాక తిరిగి తెచ్చి, “అమ్మా, టేపు చెడిపోయినట్టుంది, మార్చి ఇవ్వండి” అన్నాడు. మీ నాన్నకు పౌరుషం వచ్చింది. “చెడిపోలేదు సార్. అలా రావడానికి మా అమ్మాయి రెండేళ్లు కష్టపడింది. మీరు రెండో వైపు పదకొండో నిమిషం దాకా ఓపిక పట్టారా?” అని నిలదీశారు. లేదన్నాడు. “అదీ సంగతి. టిక్కెట్టు కొని మొదటి స్టాపులో దిగిపోయి ఊరు బాగాలేదంటే ఎలా?” అన్నారు. గుమాస్తా క్యాసెట్టు మళ్లీ తీసుకెళ్లాడు. ఇంకా తిరిగి ఇవ్వలేదు. అది మంచికో చెడుకో తెలియదు.

ఇంకో సంగతి. ఇరవై రెండో నంబరు కొనుక్కున్న ఆయన ఉత్తరం రాశాడు. ఇనుము కరిగించి పోతపోసే కార్ఖానాలో పనట. మీతో డ్రమ్ములు వాయించే అమ్మాయి ఇంతకుముందు వాయించిన మెటల్ బ్యాండు క్యాసెట్లు కూడా ఆయన దగ్గర ఉన్నాయట. నాలుగే వాక్యాలు రాశాడు, ఉన్నవి ఉన్నట్టు దింపుతున్నాను: ‘రోజంతా వినే మోత నన్ను అడగకుండానే నా చెవుల్లో దూరుతుంది. మీ మోతను నేనే మీట నొక్కి పిలుచుకుంటాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపగలను. ఆపలేదు.’

ఆ ఉత్తరాన్ని బల్ల మీది అద్దం కింద పెట్టాను. రిపేరుకు వచ్చినవాళ్లు రసీదు రాసేలోపు చదువుతారు. చదవనివాళ్లకు నేనే చదివి వినిపిస్తాను. దిష్టి తగులుతుందంటారు మీ నాన్న. తగిలితే తగలనీ. నా బిడ్డ చేసింది ఎక్కడో కొలిమి దగ్గర నిలబడే మనిషికి పనికొచ్చింది, ఆ మాట చెప్పుకోకుండా నా నోరు ఎలా ఊరుకుంటుంది?

నిజం చెప్పాలంటే, నీ మోత వినడం నాకు చేతకాలేదు చాలాకాలం. నా బతుకంతా మోతను వెతికి చంపడమే కదా. ఏ సెట్టు తెచ్చినా ముందు చెవి దగ్గర పెట్టుకుని, గుర్రు ఎక్కడుంది, చిటపట ఎక్కడుంది అని వేటాడి తీసేస్తే తప్ప అన్నం సహించదు. అలాంటిదాని కడుపున నువ్వు పుట్టి, నేను తీసి పారేసినవన్నీ ఏరుకుని దండ గుచ్చుతానంటే నేనేం చేసేది? నీ పద్దెనిమిదో ఏట పక్కింటివాళ్లు గొడవకు వచ్చినప్పుడు, “ఏదో సెట్టు రిపేరులో ఉందండీ, సాయంత్రానికి అయిపోతుంది” అని చెప్పి పంపాను. నీ పాటను రిపేరు అన్నాను. అప్పుడు నువ్వు లోపలి గదిలో ఉన్నావు, విన్నావో లేదో తెలియదు. వినుంటే ఇన్నేళ్లకు క్షమించమని అడుగుతున్నాను.

ఈ ఎనభై కాపీలు చేస్తూ చేస్తూ చెవి మెల్లగా తిరిగింది. ఏడో దఫాకో ఎనిమిదో దఫాకో, రెండో వైపు పదకొండో నిమిషం కోసం ఎదురుచూస్తున్నానని గ్రహించాను. అప్పటిదాకా లోపల్లోపల గొణుక్కుంటున్న గయ్యాళి ఒక్కసారి గొంతు సవరించుకుని, కింద బొంగురుగా మొదలై, పైకి పోయి, రెండుగా చీలుతుంది చూడు, అక్కడ. చేతిలో పని వదిలేసి కూర్చునేదాన్ని.

అందుకే ఇక రాయక తప్పదు.

పోయిన ఆదివారం ఫోన్లో “గయ్యాళిని పార్శిల్ చేశావా అమ్మా” అని అడిగితే, లైను సరిగ్గా లేదని పెట్టేశాను. లైను బాగానే ఉంది. 

రెండు నెలల కిందట వచ్చినప్పుడు నువ్వు ఆ గయ్యాళి పెట్టెను నా దగ్గర వదిలి ఏం చెప్పావు? “అమ్మా, కరెంటు తీగ ఒక్కటే మార్చు. ఇంకేమీ ముట్టుకోకు.” ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పావు. చాలదన్నట్టు ‘తీగ మాత్రమే’ అని కాగితం రాసి మూత మీద అంటించావు. ఆ కాగితం సరిగ్గా స్క్రూ మీద అంటించావు తల్లీ. తీగ మార్చాలంటే మూత తీయాలి, మూత తీయాలంటే కాగితం తీయాలి. చిరగకుండా, తడిచేసి, జాగ్రత్తగా తీశాను.

తీగ మార్చాను. మూత పెట్టేయాల్సింది. పెట్టలేదు. లోపల రెండు కండెన్సర్లు పొట్టలుబ్బి కూర్చున్నాయి. ఎర్తు తీగ దగ్గర ఒక అతుకు బూడిదరంగులో పాలిపోయి, చుట్టూ వెంట్రుకంత చీలికతో కనిపించింది. మేం డ్రై సోల్డర్ అంటాం. టంకం పైకి అంటుకున్నట్టే ఉంటుంది, లోపల పట్టు ఉండదు. నా చెయ్యి ఊరుకోలేదు. అరగంటలో కండెన్సర్లు మార్చి, పాత టంకం పీల్చేసి, అద్దంలా మెరిసే కొత్త అతుకు వేశాను. స్విచ్చి వేస్తే మోత లేదు. గుర్రు లేదు, చిటపట లేదు. అంత శుభ్రంగా పలికే సెట్టు ఈ మధ్యకాలంలో నా చేతి నుంచి వెళ్లలేదు. మురిసిపోయి మీ నాన్నను పిలిచాను. “చూడండి, చీమ నడిచినా వినిపిస్తుంది!”

ఆయన చెవి పెట్టి విన్నారు. తర్వాత నా మొహం చూశారు.

“బాగుందోయ్. మరి అమ్మాయి పాటో?”

అమ్మడూ, కొరివితో తల గోక్కున్నట్టయింది నా పని. వచ్చే నెల రెండో తారీఖున నీ రికార్డింగు. ఏళ్ల తరబడి ఆ పెట్టెతో పోట్లాడి దాని గొంతు పట్టుకున్నావు. దాని కోసమే కదా ఆ రికార్డులు వేసే లేబుల్ కంపెనీ ఆయన నిన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆ గొంతును నేను అరగంటలో నొక్కేశాను.

తీసేసిన సామాను పారేయని అలవాటు నాది. డబ్బాలోంచి ఆ పాత కండెన్సర్లు ఏరి మళ్లీ వేశాను. గొణుగుడు వచ్చింది, అరుపు రాలేదు. అంటే అసలు ప్రాణం ఆ పాలిపోయిన అతుకులో ఉంది. దాన్ని నేను కరిగించేశాను. ఇక చెడ్డ అతుకులు వేయడం మొదలుపెట్టాను. వేడి తగ్గించి వేశాను, టంకం తక్కువ పెట్టి వేశాను, ఊదుతూ వేశాను. వేసిన ప్రతిసారీ పెట్టె వేడెక్కేదాకా కాచుకుని, పక్కన ‘తుప్పు’ పెట్టుకుని, రెండు గొంతులూ పోల్చాలి. పంతొమ్మిది రోజుల్లో నలభై ఆరు అతుకులు. ఒకటి ఈల వేసింది. ఒకటి చిటపటలాడి చచ్చింది. ఒక అతుకుకు ఎక్కడిదో రేడియో వార్తలు వచ్చాయి. “ఇది ఉంచేయి, పేపరు మానేద్దాం” అన్నారు మీ నాన్న. ఎంత పాడు చేద్దామన్నా నా వేళ్లు చివరి క్షణంలో వాటంతటవే సర్దుకుని మంచి అతుకు వేసేస్తున్నాయి.

“చెడ్డపని చేయడం ఇంత కష్టమా?” అన్నారు మీ నాన్న ఒకరోజు, టీ గ్లాసు పక్కన పెడుతూ. “మా డిపోలో ముగ్గురు మెకానిక్కులుండేవాళ్లు, ఎంత అవలీలగా చేసేవాళ్లని!”

నేను నవ్వలేదు. ఏడ్చాను. అప్పుడాయనకు ఒక మాట చెప్పాను, నీకు ఇప్పుడు రాస్తున్నాను. చెయ్యి ఊరుకోలేదని పైన రాశాను చూడు, అది సగం నిజం.

నీకు పన్నెండేళ్లప్పుడు అటక మీద గుడ్డ లాగి ఆ పెట్టెను బయటపెట్టి, ఎవరిదని అడిగావు. ఎవరో రిపేరుకిచ్చి మళ్లీ రాలేదన్నాను. అబద్ధం. అది నేను చేసిన పెట్టె. ఇరవై ఒకటో ఏట, మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటున్నప్పుడు, మొదటి స్క్రూ నుంచి చివరి అతుకు దాకా ఒక్కదాన్నే చేసిన మొదటి ఆంప్లిఫయరు. సభలు జరిగే హాలు కోసం. ఆ చివరి అతుకు వేస్తుంటే మేస్త్రి నా వెనక వచ్చి నిలబడి, “ఆడపిల్ల చేతికి టంకం ఇస్తే అట్లకాడ పట్టుకున్నట్టే పట్టుకుంటుంది” అన్నాడు. నా చెయ్యి వణికింది. టంకం గడ్డకట్టే క్షణంలో తీగ కదిలింది. సరిచేద్దామంటే, తప్పు చేశానని ఆయన ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు. మూత బిగించేశాను.

హాల్లో అధ్యక్షులవారు మాట్లాడటం మొదలుపెట్టిన పదకొండో నిమిషంలో అది అరిచింది. జనమంతా చెవులు మూసుకున్నారట. మూడుసార్లు తిరిగొచ్చింది, మూడుసార్లూ చల్లటి పెట్టె మేస్త్రి ముందు బుద్ధిగా పలికింది, మూడుసార్లూ హాల్లో అరిచింది. ఆఖరికి దాన్ని బల్ల మీద పెట్టి పనివాళ్లందరినీ పిలిచి నవ్వించాడు. దాన్ని మోసుకుని ఇంటికొచ్చేశాను, మళ్లీ వెళ్లలేదు. సొంత దుకాణం పెట్టింది ఆ పంతంతోనే. వేల సెట్లు బాగుచేశాను కానీ ఆ మూత మాత్రం ఎన్నడూ తీయలేదు. నువ్వు తీగ మార్చమని ఇచ్చిన రోజే తీశాను. నా తప్పు ఎక్కడ పెట్టానో అక్కడే ఉంది. రేపు రికార్డింగు గదిలో ఎవరో చదువుకున్నవాడు మూత తీసి, ఇదెవరు వేశారమ్మా అని నిన్ను అడిగితే? ఆ సిగ్గుతో బాగుచేశాను. నీ పాట గుర్తుకు రాలేదు. నా పరువే గుర్తొచ్చింది.

మీ నాన్న పెట్టె వైపు చూశారు. “అయితే దాని మీద గుడ్డ కప్పింది దుమ్ముకు కాదన్నమాట” అన్నారు.

“కాదు.”

“మరి ఇప్పుడేం చేద్దాం?”

“నా వెనక నిలబడి మేస్త్రిలా తిట్టండి” అన్నాను.

నిలబడ్డారు. నేను కళ్లజోడు పెట్టుకుని, టంకం కరిగించి, తీగ పట్టుకున్నాను. ఆయన గొంతు సవరించుకుని, “ఏమోయ్... కాస్త జాగ్రత్తగా చేయకూడదూ...” అన్నారు. అలా కాదు, గట్టిగా, పరువు తీసేలా అన్నాను. పెళ్లయి ముప్పై ఏళ్లు దాటినా మనిషికి నన్ను తిట్టడం రాలేదు. కాసేపు ఆలోచించి, తనకు తెలిసిన ఒకే ఒక్క గట్టి గొంతు తీశారు: “ఏయ్, ఫుట్‌బోర్డు మీద ఎవరది! లోపలికి జరగండి! దిగేవాళ్లను ముందు దిగనివ్వండి!”

నాకు నవ్వు ఆగలేదు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. చెయ్యి ఊగింది, తీగ కదిలింది, టంకం గడ్డకట్టింది. చూద్దును కదా, పాలిపోయిన బూడిదరంగు, చుట్టూ వెంట్రుకంత చీలిక. ఇరవై ఒకటో ఏట వేసిన దానిలాంటి చెత్త అతుకు.

మూత బిగించి స్విచ్చి వేసి ఇద్దరం చెరో స్టూలు మీద కూర్చున్నాం. ఐదో నిమిషంలో గొణుగుడు. తొమ్మిదో నిమిషంలో గయ్యాళి గొంతు విప్పింది. కుంటికుక్క లేచి వీధి అవతలికి వెళ్లి కూర్చుంది. మీ నాన్న గడియారం చూసి, “రెండు నిమిషాలు ముందే వచ్చింది, మా సర్వీసులో ఎన్నడూ ఇలా జరగలేదు” అన్నారు. నేను ఏడుస్తూనే నవ్వాను.

ఇది పాత గొంతు కాదు. నీకు అబద్ధం చెప్పి పంపను. కింద అదే బొంగురు, కానీ పైకి పోయాక మునుపటిలా చీలిపోకుండా నిలబడుతోంది. కాస్త పొగరు ఎక్కువైంది. నాకు నచ్చింది. వాయించేది నువ్వు కాబట్టి నీ చెవిదే తీర్పు. పెట్టెతోపాటు ఒక క్యాసెట్టు పెట్టాను, ఒక వైపు పాత గొంతు, రెండో వైపు కొత్తది. నచ్చకపోతే మొహమాటపడకుండా రాయి. రికార్డింగుకు ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. టంకం కాడ పట్టుకుని నేను వస్తాను, వెనక నిలబడటానికి మీ నాన్ననూ తెస్తాను. కోపగించుకోవాలనిపిస్తే కోపగించుకో. తీగ మాత్రమే అని నువ్వు మూడుసార్లు చెప్పావు.

నీ కాగితాన్ని మళ్లీ అదే స్క్రూ మీద అంటించాను. దాని కింద నా రాతతో ఇంకోటి అంటించాను: ‘ఎవరూ బాగుచేయకూడదు.’

ఇక ఒక్క ప్రశ్న మిగిలింది. అట్ట మీద వాయిద్యం ఎవరు చేశారో వేయాలని లేబుల్ ఆయన అడుగుతున్నాడనీ, ‘పాత సామానులో దొరికింది’ అని రాయించనా అనీ అడిగావు. వద్దు. ఆ రోజు ఒక హాలు జనం దాని గొంతు విని చెవులు మూసుకున్నారు. ఇవాళ ఐదువందల మంది రికార్డు కొనుక్కుని, తలుపులు మూసుకుని మరీ దాన్ని వింటారని రాశావు. వాళ్లకు దాచడం దేనికి? నా పేరు అక్కర్లేదు. ‘గయ్యాళిని చేసింది అమ్మ’ అని వేయించు. పక్కన చోటుంటే, తప్పు అతుకుతో సహా అని కూడా వేయించు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. అద్దం కింద పెడితే మిక్సీ రిపేరుకు వచ్చే ఆవిడకు కళ్లజోడు లేకుండా కనిపించాలి.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ